రషీద్ వాలెస్ ఆట లైవ్‌లో చూసినవాళ్ళు ఉన్నారా? ఆ నోరు టీమ్‌కి లాభమా నష్టమా?

హెచ్ఎస్ఆర్_హూపర్:

అందరికీ నమస్తే. నేనుండేది బెంగళూరు హెచ్ఎస్ఆర్‌లో, వీకెండ్ పొద్దున్నే ఆఫీసు ఫ్రెండ్స్‌తో బాస్కెట్‌బాల్ ఆడతాం. మా కోర్టులో ఏదైనా డౌట్ ఫౌల్ ఇచ్చాక అవతలోడు ఫ్రీ త్రో మిస్ చేశాడంటే చాలు, బయట వెయిట్ చేసే కుర్రాళ్ళంతా "బాల్ డోంట్ లై" అని అరుస్తారు, అంటే బంతి అబద్ధం చెప్పదు, ఆ ఫౌల్ తప్పని బంతే తేల్చింది అని. ఎవరిదిరా ఈ డైలాగ్ అంటే ఒక్కడికీ తెలీదు, రీల్స్‌లో చూశాం అన్నా అంటారు. వెతికితే ఎన్‌బీఏ (అమెరికా ప్రో బాస్కెట్‌బాల్ లీగ్)లో ఆడిన రషీద్ వాలెస్ అని తేలింది.

యూట్యూబ్‌లో ఏ వీడియో తీసినా ఒకటే సీను, రెఫరీ మీద అరవడం, హెడ్‌బ్యాండ్ పీకి విసిరేయడం, బయటికి గెంటేయించుకోవడం. 2000-01లో ఒక్క సీజన్‌కి 41 టెక్నికల్ ఫౌల్స్ (వాదన, దురుసుతనం లాంటి వాటికి ఇచ్చేవి, ఒకే మ్యాచ్‌లో రెండు పడితే బయటికే), ఇప్పటికీ అదే రికార్డ్. కానీ అదే మనిషి 4 సార్లు ఆల్ స్టార్, 2004లో డెట్రాయిట్ పిస్టన్స్‌తో ఛాంపియన్ కూడా. ఇంత గొడవ మనిషిని పెట్టుకుని టీమ్ ఎలా గెలిచింది అసలు? నేను స్టెఫెన్ కర్రీ టైమ్‌లో చూడటం మొదలుపెట్టా కాబట్టి ఐడియా లేదు, అప్పట్లో చూసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

పాత_బ్లేజర్:

తమ్ముడూ నువ్వు చూసేవన్నీ మసాలా క్లిప్పులు, అందులో ఆట ఎక్కడుంటది. నేను అప్పుడు బీటీఎంలో పీజీలో ఉండేవాడ్ని, పొద్దున పూట స్పోర్ట్స్ ఛానల్‌లో మ్యాచ్ వేస్తే హాల్లో ఉన్న ఒక్క టీవీ కోసం సుప్రభాతం పెట్టే ఓనర్ ఆంటీతో బతిమాలుకుని చూసేవాళ్ళం, కరెంట్ పోతే సైబర్ కేఫ్‌కి పోయి బాక్స్ స్కోర్ చదువుకోవడమే. రషీద్ అప్పుడు ఆడిన పోర్ట్‌లాండ్ ట్రైల్ బ్లేజర్స్ టీమ్ అంటే పిచ్చి. పిప్పెన్, సబోనిస్, స్టౌడమైర్, స్టీవ్ స్మిత్, మధ్యలో తల వెనక తెల్లమచ్చతో, స్ట్రాప్ ఊడదీసి వేలాడేసిన హై టాప్ షూస్‌తో ఈయన.

ఆట అంటావా, ఏడడుగులకి ఒకటి రెండు అంగుళాలు తక్కువ మనిషి. బాస్కెట్‌కి వీపు పెట్టి బాల్ తీసుకుంటాడు, భుజంతో ఒక్కసారి తడిమి చూస్తాడు వెనక ఎవడున్నాడో, గిర్రున తిరిగి వెనక్కి వాలుతూ తల పైన అంతెత్తు నుంచి వదుల్తాడు. ఆ షాట్‌ని బ్లాక్ చేయాలంటే నిచ్చెన కావాలి. ఇంకో పక్క త్రీ (దూరపు లైన్ బయట నుంచి వేసే 3 పాయింట్ల షాట్) కూడా వేసేవాడు, ఇప్పుడంటే ప్రతి సెంటరూ వేస్తున్నాడు గానీ అప్పట్లో అంత పొడుగోడు లైన్ బయట నిలబడితే కోచ్‌లు తిట్టేవాళ్ళు.

2000 వెస్ట్రన్ ఫైనల్స్ (అసలు ఫైనల్స్‌కి ముందు సిరీస్) గేమ్ 7 ఒక్కటి వెతికి చూడు. లేకర్స్ మీద నాలుగో క్వార్టర్‌లో 15 పాయింట్ల లీడ్, అక్కడ్నుంచి మనోళ్ళు వరసగా 13 షాట్లు మిస్, చివరికి కోబీ బ్రయంట్ గాల్లోకి ఎత్తి పాస్ వేయడం, షాక్ (షకీల్ ఓనీల్) అందుకుని బాస్కెట్‌లో కుక్కడం, 89-84తో పోయింది. ఆ రోజు రషీద్ 30 కొట్టాడు. ఓడిపోయిన మ్యాచ్‌లో కొట్టిన 30 ఎవడికి గుర్తుంటది చెప్పు.

హిందూపురం_ఎక్స్‌ప్రెస్:

ఏమప్పా బ్లేజరూ, అభిమానం ఉండాల గానీ ఇంత ఉండకూడదు. ఆ సిరీస్‌లోనే గేమ్ 1లో రెండు టెక్నికల్స్ తీసుకుని మూడో క్వార్టర్‌లోనే బయటికి పోయినాడు గదా, అది చెప్పవేం? టీమ్‌లో మెయిన్ ప్లేయర్ బెంచ్ మీద గూడా లేకుండా లోపల రూమ్‌లో కూర్చుంటే మిగతావాళ్ళు ఏం జేయాల? ఒక టెక్నికల్ అంటే అవతలోళ్ళకి ఊరికే ఒక ఫ్రీ త్రో. 41 అంటే లెక్కేసుకో. 2001లో సొంత టీమ్ పెద్దాయన సబోనిస్ చెయ్యి పొరపాటున తగిల్తే మొహమ్మీద టవల్ విసిరినాడు, అది యే రెఫరీ తప్పు?

ఇంక 2005 ఫైనల్స్ గేమ్ 5, శాన్ ఆంటోనియో స్పర్స్ మీద. ఓవర్‌టైమ్, పిస్టన్స్ 2 పాయింట్లు పైన, సెకన్లే మిగిలినాయి. స్పర్స్‌కి బాల్ లోపలికేసింది రాబర్ట్ హోరీ, ఆయన్ని కాచుకోవాల్సింది రషీద్. మూలన జినోబిలీ దగ్గరికి డబల్ టీమ్‌కి (ఇద్దరు కలిసి ఒకడ్ని అడ్డుకునేదానికి) పోయినాడు, జినోబిలీ తిరిగి హోరీకిచ్చినాడు, త్రీ, 96-95. ఫైనల్స్‌లో ఆఖరి సెకన్లలో హోరీని వదిలేస్తారా ఎవరన్నా? స్పర్స్ ఏడు మ్యాచ్‌లలో గెల్చుకున్యారు. నేను ఆ పొద్దు టిఫిన్ గూడా తిన్లేదు.

కంఠీరవ_అక్క:

హోరీ విషయంలో హిందూపురం అన్న చెప్పింది నిజమే, దానికి సాకు లేదు. కానీ ప్రశ్న అది కాదుగా, ఇంత గొడవ మనిషితో ఎలా గెలిచారు అనేగా తను అడిగింది. నేను యూనివర్సిటీకి సెంటర్ ఆడాను కాబట్టి నా వైపు నుంచి చెప్తా.

డిఫెన్స్‌లో వెనక నిలబడే పొడుగు ప్లేయర్‌కి మొత్తం కోర్టు కనపడుతుంది, ముందున్న గార్డ్‌కి వీపు వెనక ఏం జరుగుతోందో తెలీదు. స్క్రీన్ (అవతలి ప్లేయర్ మన దారికి అడ్డంగా నిలబడటం) కుడి నుంచి వస్తోందా ఎడమ నుంచా, మారాలా వద్దా, కట్ చేసేవాడ్ని ఎవరు పట్టుకోవాలి, ఇదంతా వెనకవాళ్ళు అరిచి చెప్పాలి. అరవకపోతే గార్డ్ పోయి గోడకి గుద్దుకున్నట్టు స్క్రీన్‌కి గుద్దుకుంటుంది, తర్వాత మనల్నే తిడుతుంది. 2017లో మన కంఠీరవ ఇండోర్‌లో మహిళల ఆసియా కప్ జరిగినప్పుడు కింద వరసల్లో కూర్చుని చూశా, టీవీలో అస్సలు వినపడదు గానీ అక్కడ బంతి చప్పుడు కంటే ఈ అరుపులే ఎక్కువ. మనవాళ్ళు డివిజన్ బి ఫైనల్‌లో కజకిస్తాన్‌ని 75-73తో గెలిచింది కూడా అక్కడే, అది వేరే కథ, మళ్ళీ ఎప్పుడైనా రాస్తా.

రషీద్ నోరు అదే నోరు. రెఫరీ దగ్గర వాడినప్పుడు క్లిప్ అయ్యింది, డిఫెన్స్‌లో వాడినప్పుడు ఎవరూ వీడియో చేయలేదు. 2004 ఫిబ్రవరిలో పోర్ట్‌లాండ్ వాళ్ళు అట్లాంటాకి పంపేశారు, అక్కడ ఒకే ఒక్క మ్యాచ్ ఆడి 20 కొట్టాడు, రోజుల్లోనే డెట్రాయిట్‌కి ట్రేడ్. పిస్టన్స్ అప్పటికే గట్టి టీమ్, బెన్ వాలెస్ ఉన్నాడు, బిలప్స్, హామిల్టన్, ప్రిన్స్, కోచ్ లారీ బ్రౌన్. ఈయన చేరాక మార్చిలో వరసగా 5 టీమ్‌లని 70 పాయింట్ల లోపు ఆపేశారు. ఫైనల్స్‌లో షాక్, కోబీ, మలోన్, పేటన్ ఉన్న లేకర్స్‌ని 4-1. అక్కడ పాయింట్లు నేనే కొట్టాలి అని ఒక్కరోజు కూడా అనలేదు, పాస్ ఇచ్చి పక్కకి జరిగేవాడు. గెలిచాక టీమ్ మొత్తానికి రెజ్లింగ్ బెల్టులు చేయించి ఇచ్చాడు, ఆ ఒక్క పని చాలు నాకు, ఫ్యాన్ అయిపోయా.

ఇంకోటి. 2004 నవంబర్‌లో పిస్టన్స్, పేసర్స్ మ్యాచ్‌లో ప్లేయర్లు జనంలోకి ఎక్కి కొట్టుకున్నారు కదా, పెద్ద రచ్చ, తొమ్మిది మంది సస్పెండ్. ఆ లిస్టులో రషీద్ లేడు. విడదీయడానికి పోయినవాళ్ళలో ఉన్నాడు.

విజిల్_పంతులు:

నేను ఇక్కడ కాలేజీ మ్యాచ్‌లకి రెఫరీగా వెళ్తుంటానండి. విజిల్ వైపు నుంచి కూడా ఒక మాట. తిట్టేవాడు వేరు, వాదించేవాడు వేరు. తిట్టేవాడికి టెక్నికల్ ఇస్తే అయిపోతుంది. వాదించేవాడు మనం నిజంగా తప్పిచ్చిన చోటే పట్టుకుంటాడు, పైగా టీమ్‌మేట్ మీద ఇచ్చిన ఫౌల్‌కి కూడా వీడే వచ్చి వాదిస్తాడు, ఆ రకంతో చచ్చే చావు. రషీద్ ఈ రెండో రకం, కాకపోతే ఎక్కడ ఆపాలో తెలియని రెండో రకం.

పైన చెప్పిన 2000 గేమ్ 1లో రెండో టెక్నికల్ దేనికిచ్చారో తెలుసా, రాన్ గారెట్సన్ అనే రెఫరీని అలా గుచ్చి చూస్తూ నిలబడ్డందుకు. మాట కూడా కాదు, చూపు. నేనైతే ఇచ్చేవాడిని కాదు, అటు తిరిగి నడిచిపోయేవాడిని. కొత్తవాళ్ళకి నేను మొదట చెప్పేది కూడా అదే, ఫౌల్ స్కోర్ రాసే టేబుల్‌కి చెప్పేశాక ఆ ప్లేయర్ దగ్గర నిలబడకు, దూరం జరుగు.

2003 జనవరిలో మ్యాచ్ అయ్యాక అరీనా బయట టిమ్ డోనగీ అనే రెఫరీని బెదిరించాడని 7 మ్యాచ్‌లు సస్పెండ్ చేశారు. అదే డోనగీ 2007లో బెట్టింగ్ కేసులో నేరం ఒప్పుకుని తర్వాత జైలుకెళ్ళాడు. ఫ్యాన్స్ చూశారా మా వాడు ముందే కనిపెట్టాడు అంటారు, అలా అనలేమండి, బెదిరించడం బెదిరించడమే. కానీ రెఫరీగా ఆ కేసు తలుచుకుంటే నాకే తల వంగిపోతుంది. 2006-07 నుంచి రూల్ కూడా బిగించారు, సీజన్‌లో 16వ టెక్నికల్‌కి ఒక మ్యాచ్ బయటే. ఇప్పుడు 41 ఎవరి వల్లా కాదు.

మొన్న ఒక ఇంటర్ కాలేజ్ మ్యాచ్‌లో అవతలి వాడు ఫ్రీ త్రో మిస్ చేయగానే ఒక కుర్రాడు నా మొహం ముందుకొచ్చి ఆ "బాల్ డోంట్ లై" అరిచాడు. నవ్వు ఆపుకుంటూనే టెక్నికల్ ఇచ్చా. దానికి వచ్చిన ఫ్రీ త్రో కూడా మిస్! ఆ కుర్రాడు రెండు చేతులతో నోరు మూసుకుని సొంత బెంచ్ దాకా పరిగెత్తాడు. ఇంకొక్క మాట అన్నా బయటికే అని వాడికి తెలుసు.

హెచ్ఎస్ఆర్_హూపర్:

పంతులుగారూ 😂😂 అసలు మనిషికి ఆ తెలివి లేకపోయింది. ఇప్పుడే చూశా, 2012 డిసెంబర్, అప్పుడు న్యూయార్క్ నిక్స్‌లో ఉన్నాడు, వయసు 38. ఫీనిక్స్ మీద మ్యాచ్, కోర్టులోకి వచ్చి ఫౌల్, టెక్నికల్, డ్రాగిచ్ ఫ్రీ త్రో మిస్, ఈయన డైలాగ్, ఇంకో టెక్నికల్, ఔట్. మొత్తం 85 సెకన్లు ఆడాడు. మా ఆఫీసు లిఫ్ట్ రావడానికి అంతకంటే ఎక్కువ పడుతుంది.

అక్కా మీరు చెప్పిన డిఫెన్స్ చూడాలంటే ఏ మ్యాచ్ పెట్టాలి?

కంఠీరవ_అక్క:

2004 ఈస్ట్ ఫైనల్స్ గేమ్ 2, పేసర్స్ మీద ఇండియానాలో. గేమ్ 1 ఓడాక మేము గెలుస్తాం రాసుకోండి అని ప్రెస్‌కి గ్యారంటీ ఇచ్చి దిగాడు. ఆ రోజు అతని షాట్లు పెద్దగా పడలేదు, అయినా 72-67 గెలిచారు, చివర్లో రెగీ మిల్లర్ లేఅప్‌ని ప్రిన్స్ వెనక నుంచి వచ్చి కొట్టేసిన బ్లాక్ ఉంది చూడు, ఒళ్ళు జలదరిస్తుంది. బాల్‌ని కాకుండా నాలుగైదు పొజెషన్లు రషీద్‌నే చూడు, చెయ్యి ఎటు చూపిస్తున్నాడో, ఎవరు జరుగుతున్నారో.

హిందూపురం_ఎక్స్‌ప్రెస్:

సరే అక్కా చూస్తాలే. 2004కి దండం పెడతా. హోరీని వదిలేసినందుకు మాత్రం నేను క్షమించేది లేదప్పా.