సమస్యాపూరణం: బల్ల నిండిన కొలదిని బయలె మిగిలె

నిర్వాహకుడు:
ఈ వారం సమస్య తేటగీతిలో ఇస్తున్నాను. ఇది చివరి పాదం, పై మూడు పాదాలు మీరు పూరించాలి. మన బృందంలో హామ్ రేడియో (లైసెన్సు తీసుకుని ఇంటి నుంచి దేశవిదేశాలవారితో మాట్లాడే అమెచ్యూర్ రేడియో) అభిరుచి ఉన్నవారు కొందరు ఉన్నారు కాబట్టి వస్తువు కూడా నేనే నిర్ణయిస్తున్నాను: ఇంట్లో రేడియో బల్లను పొందికగా సర్దుకోవడం.

బల్ల నిండిన కొలదిని బయలె మిగిలె

పాదానికి ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, మళ్లీ రెండు సూర్యగణాలు. నాలుగో గణం మొదట యతి. దానికి బదులు ప్రాసయతి (ఆ రెండుచోట్లా రెండో అక్షరాలు కలవడం) కూడా చెల్లుతుంది. రేడియో, మీటరు, కేబులు వంటి మాటలకు అభ్యంతరం లేదు. ఛందస్సులో మాత్రం సడలింపు ఉండదు.

గుంటూరు సభ్యుడు:

గోడ కరలను బిగియించి కుదురుగాను
రేడియోను, మీటరులను లేపి పైకి
వ్రాత పుస్తక మొక్కటే వదలి యుంచ
బల్ల నిండిన కొలదిని బయలె మిగిలె

నిర్వాహకుడు:
గణాలు, యతులు సరిపోయాయి. రే–లే యతి వినసొంపుగా ఉంది. కానీ సమస్యలోని ముడి అలాగే ఉండిపోయింది. సామానంతా గోడకెక్కితే బల్ల ఖాళీ అవుతుంది, నిజమే. మరి ‘నిండిన కొలదిని’ అన్న మాటకు సమాధానం ఎక్కడ? నిండింది ఏమిటో చెప్పాలి.

హైదరాబాదు సభ్యుడు:
పద్యం సంగతి మీరు చూసుకుంటారు. లైసెన్సు తీసుకుని రోజూ రేడియో ముందు కూర్చునేవాడిగా ఒక మాట చెబుతాను. రేడియోను పైకి ఎక్కించకండి. స్టేషన్లు వెతికేటప్పుడు ట్యూనింగ్ మీటను గంటల తరబడి తిప్పుతూనే ఉంటాం. మణికట్టు బల్లకు ఆనకపోతే చెయ్యి లాగేస్తుంది. కంటితో చూసేవి పైన, చేతితో తిప్పేవి కింద ఉండాలి. గడియారం పైకి వెళ్లవచ్చు. దాన్ని యూటీసీకి, అంటే ప్రపంచమంతా వాడే ప్రామాణిక కాలానికి పెట్టుకోవాలి. మన కాలం దానికంటే ఐదున్నర గంటలు ముందు. మనకు తెల్లవారుజామున 3 గంటలైతే యూటీసీలో ఇంకా నిన్నటి రాత్రి 21:30. ఈ తేడా చూసుకోకుండా లాగ్ పుస్తకం (ఎవరితో ఎప్పుడు మాట్లాడామో రాసుకునేది) రాస్తే తేదీయే మారిపోతుంది, అవతలివారి లాగ్‌తో మన క్యూఎస్‌ఎల్ కార్డు (మాట్లాడినట్టు ధ్రువీకరిస్తూ పంపుకునేది) సరిపోలదు.

గుంటూరు సభ్యుడు:
ఇద్దరి మాటా విన్నాను. సవరించాను.

చెక్క యరలను బిగియించి చక్కగాను
మీటరులు, గడియారము మీద నిలిపి
చేతి దాపున రేడియో చేర్చ, గోడ
బల్ల నిండిన కొలదిని బయలె మిగిలె

నిర్వాహకుడు:
ఇదీ పూరణ! మూడో పాదం చివరి ‘గోడ’ నాలుగో పాదంలోని ‘బల్ల’తో కలిసి ‘గోడబల్ల’ అయింది. గోడబల్ల నిండింది, కింద చోటు మిగిలింది. విరోధం దానంతటదే విడిపోయింది. మొదటి పాదంలో చెక్క–చక్క ప్రాసయతి. అవధానాల్లో ఇటువంటి విరుపుకే చప్పట్లు పడతాయి.

హనుమకొండ సభ్యురాలు:

చార్జరులు చేరి వరుసగా సందడించ
రొదయె కురిసెను చెవులలో రోజురోజు
దూరదేశపు పిలుపులు తోచవయ్యె
బల్ల నిండిన కొలదిని బయలె మిగిలె

గుంటూరు సభ్యుడు:
అమ్మా, ‘రొద కురిసింది’ అన్నాక ‘బయలు మిగిలింది’ అంటే పరస్పర విరుద్ధం కాదా? రొద ఉన్నచోట శూన్యం ఎలా ఉంటుంది?

హనుమకొండ సభ్యురాలు:
పిలుపులు వినబడవలసిన చోట ఒక్క గొంతూ లేదు మాస్టారూ. వినేవాడికి అదే శూన్యం. మూడో పాదం అందుకే రాశాను.

హైదరాబాదు సభ్యుడు:
అక్షరాలా నిజం. చవక చార్జర్లు, కొన్ని ఎల్‌ఈడీ బల్బులు లోపల కరెంటును అతివేగంగా తెంచి కలుపుతూ పనిచేస్తాయి. ఆ చప్పుడు దూరదేశపు పిలుపులు వచ్చే షార్ట్‌వేవ్ బ్యాండ్ల మీద పరుచుకుంటుంది. కనిపెట్టే ఉపాయం ఉంది: రేడియోను 12 వోల్టుల బ్యాటరీ మీద నడుపుతూ ఇంటి మెయిన్ స్విచ్ ఆపండి. రొద తగ్గితే దోషి మన ఇంట్లోనే ఉన్నాడు. ఒక్కొక్కటీ వేసి చూస్తే దొరికిపోతాడు. అనుమానం ఉన్న తీగను ఫెర్రైట్ రింగులో (రొదను అణిచే అయస్కాంత పదార్థపు ఉంగరంలో) నాలుగైదు చుట్లు తిప్పితే చాలావరకు అణుగుతుంది. బల్ల మీద అనవసరమైనవి ఉండకూడదని నేను పట్టుబట్టేది ఇందుకే. అందం తరువాత, ముందు చెవి.

నిర్వాహకుడు:
సమర్థన అంగీకరించాను. రొ–రో, దూ–తో యతులు నిర్దోషం.

విశాఖ సభ్యుడు:

ఎర్తు తీగెల నన్నిటి నేకపఱచి
రాగి పట్టీకి బిగియించి, రక్షగాను
కేబుల్లు వెనుకకే పోవ, క్రింద పైన
బల్ల నిండిన కొలదిని బయలె మిగిలె

నిర్వాహకుడు:
మూడో పాదంలో గణభంగం. ‘కేబుల్లు’లో ‘ల్లు’ ముందున్న ‘బు’ గురువవుతుంది. కే, బు రెండూ గురువులైతే సూర్యగణం రాదు. ‘కేబులటు వెన్కకే పోవ’ అంటే గణాలు కుదురుతాయి, భావమూ చెడదు. మొదటి రెండు పాదాలు చాలా బాగున్నాయి.

హైదరాబాదు సభ్యుడు:
విషయం కూడా సరైనది. ప్రతి పరికరం నుంచి పొట్టి తీగ ఒకే రాగి పట్టీకి రావాలి, ఆ పట్టీ నుంచి ఇంటి ఎర్తుకు. ఒక పరికరం నుంచి ఇంకోదానికి గొలుసుగా కలపకూడదు. అయితే ‘రక్ష’ అన్నారు కనుక ఒక హెచ్చరిక: ఉరుములు వినబడితే ఏ పట్టీనీ నమ్మవద్దు. యాంటెన్నా కేబులును ముందే విప్పేయాలి. అది చేతికి అందేచోట ఉండాలి. మరీ వెనక్కి తోస్తే ఆ సమయానికి వెతుక్కోవాలి.

డాలస్ సభ్యుడు:

ఏడు ఖండాల గొంతుక లెగసివచ్చి
ఇంటి గోడలు కరగగా నెల్ల దిశల
కార్డులే వచ్చి చేరెను కట్టలుగను
బల్ల నిండిన కొలదిని బయలె మిగిలె

నిర్వాహకుడు:
ఈ వారం నా మనసు దోచిన పూరణ ఇది. అందరూ బయలును ఖాళీ చోటుగా తీసుకుంటే, మీరు ఆకాశంగా తీసుకున్నారు. క్యూఎస్‌ఎల్ కార్డులతో బల్ల నిండుతుంటే గోడలే లేకుండా పోయాయి. ఒక్క లోపం: మొదటి పాదం చివర ‘వచ్చి’, రెండో పాదం మొదట ‘ఇంటి’. అక్కడ విసంధి (రెండు అచ్చులను కలపకుండా వదిలేయడం) కొందరికి నచ్చదు. పాదాంతం కాబట్టి నేను వదిలేస్తున్నాను.

హనుమకొండ సభ్యురాలు:
‘వచ్చి’ రెండుసార్లు వచ్చింది కదండీ. మూడో పాదంలో ‘కార్డులే వాలి చేరెను’ అంటే?

డాలస్ సభ్యుడు:
గణం చెడలేదు, అర్థం పెరిగింది. కృతజ్ఞతలు, అలాగే మార్చుకుంటాను.

హైదరాబాదు సభ్యుడు:
పద్యం రాయలేను కానీ నిండిన బల్ల, మిగిలిన బయలు ఎందుకో చెప్పాలని ఉంది. 2004 డిసెంబరులో హైదరాబాదుకు చెందిన జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ బృందం భారతి ప్రసాద్ గారి నాయకత్వంలో అండమాన్‌కు వెళ్లింది. ప్రపంచంలోని హామ్‌లతో మాట్లాడాలన్నది ఉద్దేశం. 26న సునామీ వచ్చింది. అభిరుచి కోసం అమర్చుకున్న ఆ రేడియోలే క్షేమసమాచారాలను ప్రధాన భూభాగానికి చేరవేశాయి. అటువంటి వేళ కాగితం పెట్టి రాసుకోవడానికి చోటు, మోర్సు మీట (చుక్కలు, గీతల సంకేతాలు పంపేది) నొక్కడానికి మోచేయి ఆనించే చోటు సిద్ధంగా ఉండాలి.

నిర్వాహకుడు:
మీ మాటను నేను పద్యం చేస్తాను.

మోర్సు మీటకు మోచేయి మోపవలయు
జాగ విడచితి; తక్కిన సరుకు లెల్ల
మెట్లు మెట్లుగ పైకెక్కె, మెట్లమీది
బల్ల నిండిన కొలదిని బయలె మిగిలె

వచ్చే వారానికి సమస్య, ఇదీ తేటగీతియే:

మూగ తీగయె లోకాన ముచ్చటాడె