వారంటీ మెషిన్‌కే అంటున్నారు, మరి ఉబ్బిపోయిన కబోర్డు?

తడిబోర్డు:
వాషింగ్ మెషిన్ ఇన్‌లెట్ పైపు పగిలింది. కొని ఏడాది కాలేదు. కంపెనీవాళ్లు పైపు ఉచితంగా మారుస్తారట, నీళ్లకి ఉబ్బిన పక్క కబోర్డుతో మాత్రం తమకు సంబంధం లేదట. వారంటీ కార్డులో కూడా "ఇతర నష్టాలకు బాధ్యత లేదు" అనే ఉంది. వదిలేసుకోవడమేనా?

నల్లకోటు:
కార్డులో ఆ ముక్క చూసి వెనక్కి తగ్గొద్దు. కార్డు మెషిన్ సంగతి చెబుతుంది. కబోర్డు సంగతి చెప్పేది 2019 వినియోగదారుల రక్షణ చట్టం, ఆరో అధ్యాయం, 82 నుంచి 87 వరకు సెక్షన్లు. 2020 జులై 20 నుంచి అమల్లో ఉన్నాయి. తయారీలో గాని, డిజైన్‌లో గాని లోపముంటే, వాడకం గురించి సరైన హెచ్చరిక ఇవ్వకపోతే తయారీదారు బాధ్యుడని 84 చెబుతుంది.

ఒక మెలిక ఉంది. సెక్షన్ 2(22)లో "హాని" అంటే, ఆస్తి విషయంలో, ఆ వస్తువు కాక మిగతా ఆస్తికి జరిగిన నష్టం. వారంటీ షరతులు తప్పడం వల్ల జరిగిన నష్టం, వ్యాపార నష్టం అందులోకి రావు. "వారంటీ నిలబెట్టుకోలేదు కాబట్టి కబోర్డు పోయింది" అని రాశారో, అవతలి వకీలు చేతికి మీరే కర్ర ఇచ్చినట్టు. "పైపు తయారీలో లోపం ఉంది, అది పగిలి కబోర్డు పాడైంది" అని రాయండి. మెషిన్ బాగుచేయడం, మార్చడం, డబ్బు వాపసు సెక్షన్ 39 కింద విడిగా అడగాలి. రెండూ ఒకే ఫిర్యాదులో పెట్టొచ్చు.

ఫ్యూజువైరు:
చట్టం తర్వాత. పగిలిన పైపు ఇప్పుడు ఎవరి దగ్గరుంది? మెకానిక్ కొత్తది బిగించి పాతది సంచిలో వేసుకుపోతే సగం కేసు ఆ సంచిలోనే పోయింది. "టెస్టింగ్‌కి కావాలి" అంటే సీరియల్ నంబరు, తేదీ, సంతకంతో రసీదు లేకుండా ఇవ్వొద్దు. తుడవకుండా, కడగకుండా కవర్లో పెట్టి, మూత మీద తేదీ వేసి ఇద్దరి సంతకాలు తీసుకోండి. వాషర్లు, జాలీ కూడా అందులోనే.

చీలిక ఎక్కడుందో దగ్గర నుంచి ఫొటో తీయండి, పక్కన స్కేలు పెట్టి. పైపు మధ్యలో బుడగలా ఉబ్బి చీలితే అనుమానం రబ్బరు మీదికి వెళ్తుంది. ప్లాస్టిక్ నట్టు మర చుట్టూ ఉంగరంలా పగిలితే "ఎక్కువ బిగించారు" అంటారు. బిగించింది కంపెనీ మనిషే అయితే ఇన్‌స్టలేషన్ స్లిప్పు వెతకండి. అప్పుడు సర్వీసు ఇచ్చినవాళ్ల మీద సెక్షన్ 85 కూడా పెట్టాలి.

మూడోఫేజు:
కరెంటు వస్తువులైతే మెకానిక్ రాసే జాబ్ షీట్ మీద "ఓల్టేజీ హెచ్చుతగ్గులు" అని రాసేస్తారు, అచ్చు వేసి తెచ్చినట్టు. చదవకుండా సంతకం పెట్టొద్దు. ఒప్పుకోకపోతే "ఈ కారణం నేను అంగీకరించడం లేదు" అని రాసి సంతకం చేయండి. అదే ఫేజు మీద ఉన్న మిగతా సామాన్లు బాగానే ఉన్నాయని అదే రోజు వీడియో తీయండి. మంటలు లేస్తే 101కి ఫోన్ చేయాలి, తర్వాత అగ్నిమాపక శాఖ నివేదిక అడిగి తీసుకోవాలి. ఐఎస్‌ఐ గుర్తు ఉంటే కింద సీఎం/ఎల్ అని ఉండే లైసెన్సు నంబరును, ఆ గుర్తు ఇచ్చే ప్రమాణాల సంస్థ బీఐఎస్ వారి "బీఐఎస్ కేర్" యాప్‌లో చూడండి. గుర్తు వేసి ప్రమాణానికి తగ్గట్టు లేకపోతే 2016 బీఐఎస్ చట్టం సెక్షన్ 31 కింద కూడా పరిహారం అడగొచ్చు.

తడిబోర్డు:
కబోర్డుకి బిల్లు లేదు, వడ్రంగి చేసింది.

చిట్టాపద్దు:
బిల్లు లేకపోతే కేసు లేదనుకోవద్దు. వడ్రంగికి పంపిన బ్యాంకు ఎంట్రీలు, పాత ఫొటోల్లో వెనక కనిపించే కబోర్డు, ఇప్పుడు బాగుచేయడానికి ఇద్దరి దగ్గర రాతపూర్వక అంచనా. 18 ఎంఎం బోర్డు అడుగున ఉబ్బి 21 ఎంఎం అయితే కొలిచి, ఆ కొలత కనబడేలా ఫొటో తీయండి. నీళ్లు ఎంత ఎత్తు వరకు వచ్చాయో గోడ మీద గీత ఉంటే అదీ. లామినేట్ లేచిన అంచులు విడిగా.

పాత సామానుకి కొత్తదాని ధర అడిగితే నమ్మకం పోతుంది. ప్రతి వస్తువుకీ కొన్న సంవత్సరం, అప్పటి ధర, తరుగు పోగా ఇప్పటి విలువ, బాగుచేస్తే అయ్యేది అని పట్టిక వేయండి. ఇంటి బీమా ఉంటే ముందు వాళ్లకి చెప్పండి, ఒకే నష్టానికి రెండు చోట్ల వసూలు కుదరదు.

కిందిపోర్షన్:
నీళ్లు కింది ఇంట్లోకి దిగి సీలింగ్ పాడైతే?

నల్లకోటు:
ఈ చట్టంలో ఫిర్యాదు కొన్నవాళ్లదీ, వాళ్ల అనుమతితో వాడేవాళ్లదీ. కింది ఇంటివాళ్లు మామూలు సివిల్ కోర్టు దారి చూసుకోవాలి.

ఎక్కడ వేయాలంటే, చూసేది నష్టం ఎంతని కాదు, వస్తువుకి మీరు చెల్లించిన ధర. 50 లక్షల వరకు జిల్లా వినియోగదారుల కమిషన్. ధర 5 లక్షలు దాటకపోతే ఫీజు లేదు. మీరు ఉండే జిల్లాలోనే వేయొచ్చు, కంపెనీ ఆఫీసు ఎక్కడున్నా సరే. గడువు రెండేళ్లు. ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకుని, కంపెనీకి 15 రోజుల గడువుతో స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. కేసు ఆన్‌లైన్‌లో వేయాలంటే ఇ-జాగృతి పోర్టల్. ఎదుటివాళ్లకి జవాబుకి 30 రోజులు, మహా అయితే ఇంకో 15. పైపు ల్యాబ్‌కి వెళ్లాలంటే ఫీజు మీరు కట్టాలి, నివేదికకి 45 రోజులు.

తయారీదారు పేరు తెలియని సరుకైతే సెక్షన్ 86 కింద అమ్మినవాళ్లే నిలబడాలి. దిగుమతి సరుకైతే దిగుమతిదారు పేరు, చిరునామా డబ్బా మీదే ఉంటాయి, డబ్బా పారేయొద్దు.

ఫ్యూజువైరు:
కొత్త పైపు ఇస్తూ చివర్లో ఓ కాగితం చాపుతారు. "ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్" అని ఉంటే కొట్టేసి, "పైపు మాత్రమే అందింది, కబోర్డు నష్టం బాకీ ఉంది" అని రాసి, దాని ఫొటో తీసుకున్నాకే తిరిగివ్వండి.