అందరూ ప్రార్థిస్తున్నారని రోగికి చెప్పడం మంచిదేనా?

వార్డు కుర్చీ:
మా అన్నయ్యకు గుండె బైపాస్ ఆపరేషన్ జరిగి నేటికి పదహారు రోజులు. మధ్యలో ఊపిరితిత్తులకు ఇన్‌ఫెక్షన్ సోకి తొమ్మిది రోజులు వెంటిలేటర్ మీద ఉన్నాడు. ఆ తొమ్మిది రోజులూ ఐసీయూ తలుపు బయట కూర్చోవడం తప్ప చేయగలిగింది లేక, రాత్రి తొమ్మిదింటికి బంధువులమంతా ఫోనులో కలుసుకుని ప్రార్థన చేసేవాళ్లం. ఆ అరగంటే నన్ను నిలబెట్టింది.

ఇప్పుడు వార్డుకు మార్చారు. ప్రార్థన మానలేదు. ఫోను స్పీకర్‌లో పెట్టి అన్నయ్య దిండు పక్కన ఉంచుతున్నాను. అయిపోయాక ఒక్కొక్కరే పలకరిస్తారు: "ఇంతమందిమి నీ కోసం వేడుకుంటున్నాం, ఇంకా లేచి నడవడం లేదా?" మొన్న ఆ మాట వినగానే అన్నయ్య మొహం గోడవైపు తిప్పుకున్నాడు. నిన్న తొమ్మిదవుతుండగానే నిద్ర నటించాడు. మానేద్దామంటే పెద్దవాళ్లు "గండం గడిచిందని దేవుణ్ణి వదిలేస్తావా?" అంటున్నారు. ఏం చేయమంటారు?

సంధ్యాదీపం:
మానకమ్మా. మా వారు మత్తులో ఉన్నన్నాళ్లూ ఆయన చెవి దగ్గర రోజూ ప్రార్థన చదివేదాన్ని. కోలుకున్నాక, డాక్టర్లు చెప్పిందేదీ గుర్తు లేదు గానీ నా గొంతు మాత్రం వినబడేదన్నారు. తన వెనక ఇంతమంది ఉన్నారని తెలిస్తే ఎవరికైనా ధైర్యమే కదా. దాచడం దేనికి?

లెక్కల మాస్టారు:
సరిగ్గా ఈ ప్రశ్న మీదే ఒక పెద్ద ప్రయోగం జరిగింది. అమెరికాలో ఆరు ఆసుపత్రుల్లో బైపాస్ చేయించుకున్న 1,802 మందిని మూడు గుంపులుగా విడదీశారు. మొదటి గుంపు కోసం ప్రార్థించారు, రెండో గుంపు కోసం ప్రార్థించలేదు. ఈ రెండు గుంపులకూ ప్రార్థన జరగవచ్చు, జరగకపోవచ్చు అని మాత్రమే చెప్పారు. మూడో గుంపుకు ప్రార్థిస్తామని ఖాయంగా చెప్పి మరీ ప్రార్థించారు. ఫలితాలు 2006లో వచ్చాయి. నెల రోజుల్లో ఏదో ఒక సమస్య తలెత్తినవారు మొదటి గుంపులో 52 శాతం, రెండోదాంట్లో 51 శాతం. ప్రార్థన సంగతి తెలిసినవారిలో 59!

ఈ తేడా కాకతాళీయం కావచ్చని పరిశోధకులే అన్నారు. అయితే వారిలో ఒకరికి ఇంకో అనుమానం కలిగింది. ప్రార్థనా బృందాన్ని పిలవాల్సినంత ప్రమాదంలో ఉన్నామా అని రోగులు బెదిరారేమోనని. మీ అన్నయ్య గోడవైపు ఎందుకు తిరిగాడో నాకు కొంత అర్థమవుతోంది.

సంధ్యాదీపం:
మాస్టారూ, దేవుణ్ణి కూడా పరీక్ష హాల్లో కూర్చోబెట్టారన్నమాట! ఆ ప్రయోగం గురించి నేనూ చదివాను. ప్రార్థించినవారు రోగి మొహం కూడా చూడని అపరిచితులు. పేరూ, ఇంటిపేరులో మొదటి అక్షరమూ చేతికిస్తే రెండు వారాల పాటు ప్రార్థించారు. పైగా మూడు గుంపుల్లోనూ ఎవరి ఇంట్లోవాళ్లు వాళ్ల ప్రార్థన చేసుకునే ఉంటారు, వాళ్లనెవరూ ఆపలేదు. చెల్లెలు అన్న చేయి పట్టుకుని చేసే ప్రార్థనకూ దీనికీ పోలికేమిటి?

లెక్కల మాస్టారు:
ఒప్పుకుంటాను, గట్టి అభ్యంతరమే. అపరిచితుల ప్రార్థన అదనంగా చేరినందువల్ల మేలు కనబడలేదు. ఆ లెక్క అంతవరకే చెబుతుంది. దేవుడి ఉనికి మీద తీర్పు చెప్పే శక్తి దానికి లేదు, నాకూ లేదు.

పాత రోగి:
మీరిద్దరూ మంచం పక్కన నిలబడి వాదిస్తున్నారు. నేను మంచం మీద నుంచి చెబుతాను. ఐసీయూలో ఇరవై రెండు రోజులున్నాను. నాకు దేవుడంటే నమ్మకం, అప్పుడూ ఇప్పుడూ. అయినా నన్ను కుంగదీసింది నొప్పి కాదు, వచ్చిన ప్రతివారి మొహంలోనూ కనబడే ఎదురుచూపు. జ్వరం తగ్గిన రోజు "చూశావా, ఆయన విన్నాడు" అనేవారు. మళ్లీ జ్వరం వచ్చిన రోజు ఎవరూ ఏమీ అనేవారు కాదు. అంటే నా నమ్మకమే చాలలేదన్నమాట, తప్పు నాదేనన్నమాట. అలా అనుకుంటూ పడుకునేవాణ్ణి. ఒక రాత్రయితే దేవుడు నన్ను వదిలేశాడనే నిశ్చయానికి వచ్చాను. ఎవరికి చెప్పుకోను? మా వాళ్లంతా బయట నా కోసమే ప్రార్థిస్తున్నారు.

వార్డు కుర్చీ గారూ, మీకెలా ఉందో రాశారు, పెద్దవాళ్లేమన్నారో రాశారు. మీ అన్నయ్య ఏమన్నారో రాయలేదు. అడిగారా?

లెక్కల మాస్టారు:
పాత రోగి గారి అనుభవానికి దగ్గరగా ఒక అధ్యయనం ఉంది. 2001లో వచ్చింది. ఆసుపత్రిలో చేరిన 55 ఏళ్లు పైబడిన 596 మందిని ఎంపిక చేసుకుని రెండేళ్లపాటు గమనించారు. దేవుడు తమను విడిచిపెట్టాడనో శిక్షిస్తున్నాడనో మథనపడినవారిలో మరణాలు ఎక్కువగా కనిపించాయి. మథనమే కారణమని అది రుజువు చేయదు. అయినా తేలిగ్గా కొట్టిపారేయలేం.

దీపం గారూ, మీ వైపు లెక్క కూడా ఒకటి చెప్పకపోతే అన్యాయం. జపమాల ప్రార్థన చేసినా యోగ మంత్రం పఠించినా ఊపిరి నిమిషానికి సుమారు ఆరుసార్లకు నెమ్మదించి, గుండె లయకు మేలు జరుగుతుందని అదే 2001లో మరో పరిశోధన చూపింది. అయితే అందులో పాల్గొన్నవారు ఆరోగ్యవంతులు. అంటే, మంచం పక్కన కుర్చీలో కూర్చున్నవారు!

సంధ్యాదీపం:
మెచ్చుకుంటూనే గిల్లారు మాస్టారూ.

రాత్రి డ్యూటీ:
నర్సుని. ప్రార్థన మంచిదా కాదా అన్నది నా పని కాదు. రాత్రి తొమ్మిదింటికి స్పీకర్ ఫోను మాత్రం నా పనే. వెంటిలేటర్ నుంచి బయటపడ్డవారికి నిద్ర సరిగా పట్టదు. చాలామందికి పగలూ రాత్రీ కలగాపులగమవుతాయి, పీడకలలు వస్తాయి. చీకటి పడ్డాక ఎంత నిశ్శబ్దంగా ఉంటే అంత మంచిది. కళ్లజోడు ఉంటే పగలు పెట్టించండి. ఈ రోజు ఏ వారమో, తనెక్కడున్నాడో మాటల్లో చెబుతూ ఉండండి.

ఇంకొకటి. ఆ తొమ్మిది రోజులు ఆయన జ్ఞాపకంలో చాలామటుకు ఉండవు. మీ బంధువులేమో ఎప్పుడూ వాటి గురించే మాట్లాడుతుంటారు. ఏ రోజు ఏం జరిగిందో ఒక నోటు పుస్తకంలో రాసి ఉంచండి. కొన్నిచోట్ల ఐసీయూ నర్సులే అలాంటి డైరీ రాసి ఇస్తారు. ఆయన అడిగినప్పుడే చూపించండి.

ఊపిరితిత్తుల కోసం మూడు బంతుల పరికరం ఇచ్చే ఉంటారు. మెలకువగా ఉన్నప్పుడు గంటకోసారి చేయించండి. ఊదడం కాదండీ, లోపలికి పీల్చాలి! ఈ పొరపాటు ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు.

వార్డు కుర్చీ:
అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ప్రార్థన వద్దని కాదు. రోజూ వాళ్లకు నేను సమాధానం చెప్పుకోవాలి చూడు, అది వద్దు" అన్నాడు.

ఫోను ప్రార్థన సాయంత్రం ఆరింటికి మార్చాం. నేను వరండాలోకి వెళ్లి కలుస్తున్నాను. పెద్దమ్మ అలిగి రెండు రోజులు రాలేదు, మూడో రోజు తనే వచ్చింది. నిన్న అన్నయ్య తనంతట తనే, "నువ్వొక్కదానివే చదువు, మెల్లగా" అన్నాడు. నాలుగు పంక్తులు చదివేసరికి ఒక మాట తప్పు పలికానని సరిదిద్దాడు. ఆ తర్వాత నిద్రపోయాడు, నటన కాదు.

నర్సు గారూ, ఇన్నాళ్లూ మేమూ ఊదిస్తూనే ఉన్నాం! పీల్చడం మొదలుపెట్టాక ఇవాళ రెండు బంతులు లేచాయి. మూడోది ఇంకా కదలలేదు. ఆ సంగతి పెద్దమ్మకు చెప్పలేదు.