అప్‌డేట్: చీర రంగు ఎందుకు మారిందో తెలిసింది

జగదాంబ జంక్షన్ షాపులో ముదురు మెరూన్‌గా ఉన్న అమ్మ చీర, ఆర్కే బీచ్ ఎండలో నిగనిగలాడే ఎరుపులా ఎందుకు కనిపించిందని పోయిన వారం అడిగాను. దీపాల్ని చూడమన్నారు. థాంక్స్ అండీ.

సీడీ మీద పడ్డ వెలుగు రంగులుగా విడిపోతుంది కదా, అందుకే పాత సీడీని ఒక్కో వెలుతురులో వంచి చూశాను. ఎండలోనూ, పూజగదిలోని ఫిలమెంట్ బల్బు కిందా రంగులు ఎక్కడా తెగకుండా వరసగా వచ్చాయి. రెండూ వేడికి వెలిగేవే: సూర్యుడి ఉపరితలం సుమారు 5,500 డిగ్రీలు, టంగ్‌స్టన్ తీగ దాదాపు 2,500. ట్యూబ్‌లైట్ కింద మాత్రం ఆ రంగుల పట్టీ ముక్కలు ముక్కలైంది. అక్కడ పాదరసపు ఆవిరి అతినీలలోహిత కిరణాలిస్తే, గొట్టం లోపలి తెల్ల పూత వాటిని మామూలు వెలుగుగా మారుస్తుంది.

షాపులో ఉన్నవి ఎల్‌ఈడీలు. చిప్ నుంచి వచ్చేది నీలి కాంతి, పైనున్న పసుపు పూతతో కలిసి తెల్లగా కనిపిస్తుంది. చవక రకాల్లో ముదురు ఎరుపు బాగా తక్కువ. చీర మీద పడని ఎరుపు మన కంటికెలా చేరుతుంది?

అద్దం దగ్గరికి సీఆర్‌ఐ (రంగుల్ని ఎంత సహజంగా చూపిస్తుందో చెప్పే అంకె) 90 దాటిన బల్బు తెచ్చాం. ఇప్పుడు ఎరుపు ఎరుపుగానే ఉంది.