బానెట్ లేవట్లేదన్నా, ఏం చేయాలి?

నకిరేకల్ తమ్ముడు, ఇప్పుడు క్లీవ్‌లాండ్

అన్నలకు, అక్కలకు నమస్తే. మాది నల్గొండ జిల్లా నకిరేకల్. ఎమ్మెస్ కోసం ఆగస్టులో వచ్చాను. రూమ్మేట్లం ముగ్గురం కలిసి 2006 మోడల్ సెకండ్ హ్యాండ్ కారు కొన్నాం. ఇక్కడ మంచు కరగాలని రోడ్ల మీద ఉప్పు చల్లుతున్నారు కదా, ఆ ఉప్పునీళ్లు అద్దం మీద పడి తెల్లగా పేరుకుంటున్నాయి. వైపర్ నీళ్లు చూస్తే రావట్లేదు. ట్యాంకులో నీళ్లు పోద్దామంటే బానెట్ లేవట్లేదు. స్టీరింగ్ కింది లివర్ గుంజితే ముందు ఎక్కడో టక్కుమని వినిపిస్తోంది, అంతే. నిన్న బలమంతా పెట్టి గుంజితే ప్లాస్టిక్ కిర్రుమంది, భయమేసి వదిలేశాను.

మెకానిక్‌కి ఫోన్ చేసి బానెట్ రావట్లేదన్నాను. ఆయన మూడుసార్లు "ఏంటి?" అన్నాడు. తర్వాత తెలిసింది, ఇక్కడ దాన్ని హుడ్ అంటారట. వచ్చే గురువారం ఇంటర్వ్యూకి కొలంబస్ పోవాలి, రెండు గంటల డ్రైవ్. టెన్షన్‌గా ఉంది. ఎవరైనా చెప్పండి.

జడ్చర్ల అన్న, డాలస్

ఏం కాదు తమ్మీ, ఇంకోసారి గట్టిగా గుంజు. మా ఇంట్లో పాత జీపుకు ఎప్పుడూ అంతే. ఒక కాలు డోరుకు ఆనించి గుంజేవాళ్లం.

మిర్యాలగూడ అన్న, డెట్రాయిట్

తమ్ముడూ, డాలస్‌లో ఉన్నవాళ్లకు ఉప్పు తుప్పు గురించి ఏం తెలుస్తుంది! ఆయన మాట పక్కన పెట్టి ముందు గుంజుడు ఆపు. ఆ కిర్రుమన్నది లివరే. అది విరిగితే పని రెండింతలవుతుంది.

నువ్వు రాసిన దాంట్లో పనికొచ్చే ముక్క, ముందు టక్కుమని వినపడటం. అంటే వైరు తెగలేదు. బానెట్ వైరు కూడా మన బైకు క్లచ్ వైరు లాంటిదే. పైన తొడుగు, లోపల ఉక్కు తీగ. ఒక కొస లివర్‌కి, ఇంకో కొస ముందు గ్రిల్ వెనకాల ఉండే లాక్‌కి ఉంటుంది. లివర్ గుంజితే తీగ ఆ లాక్‌లోని కొక్కేన్ని పక్కకు లాగుతుంది, స్ప్రింగ్ బానెట్‌ను అంగుళం పైకి తోస్తుంది. ఆ సందులో వేళ్లు దూర్చి రెండో కొక్కేన్ని జరిపితేనే మొత్తం లేస్తుంది. నీ కేసులో మొదటి కొక్కెం తుప్పుతోనో, మట్టి, జిడ్డుతోనో బిగుసుకుంది. తీగ లాగుతోంది కానీ అది పూర్తిగా వదలట్లేదు.

మిర్యాలగూడలో మా నాన్నకు ఎరువుల కొట్టు ఉండేది. షట్టర్ తాళం తిరగకపోతే ఆయన తాళంచెవితో కుస్తీ పట్టేవాడు కాదు. కాలితో షట్టర్‌ను కిందికి తొక్కిపట్టి, అప్పుడు తాళం తిప్పేవాడు. సులువుగా వచ్చేది. షట్టర్ పైకి లాగుతుంటే గొళ్లెం మీద బిగువు పడుతుంది, ఆ బిగువు తీస్తేనే అది కదులుతుంది. బానెట్‌కు కూడా ఇదే. కింది నుంచి స్ప్రింగు, రబ్బరు గుబ్బలు బానెట్‌ను పైకి తోస్తుంటాయి, ఆ ఒత్తిడంతా కొక్కెం మీదే ఉంటుంది.

కాబట్టి ఒక రూమ్మేట్‌ను లోపల కూర్చోబెట్టు. అతను లివర్‌ను లాగి, లాగినట్టే పట్టుకోవాలి, కుదుపులు వద్దు. నువ్వు ముందు నిలబడి, బానెట్ అంచున సరిగ్గా మధ్యలో, లాక్ ఉండే చోట రెండు అరచేతులూ పరిచి కిందికి నొక్కి వదులు. మళ్లీ నొక్కు, వదులు. పిడికిలితో గుద్దితే రేకు సొట్టపోతుంది, అల్యూమినియం బానెట్ అయితే మరీ తొందరగా. పది పన్నెండు సార్లు నొక్కేసరికి సాధారణంగా వచ్చేస్తుంది.

ఎవరూ లేకపోతే లివర్‌ను తాడుతో లాగి సీటు కింది ఇనుప పట్టాకు కట్టేసి, నువ్వు బయటికొచ్చి నొక్కొచ్చు. తాడు బిగువుగా ఉంటే చాలు, లివర్ వంగేంత వద్దు.

అప్పటికీ రాకపోతే డబ్ల్యూడీ-40 గానీ, తుప్పు వదిలించే వేరే ఆయిల్ స్ప్రే గానీ తీసుకో. దాంతో వచ్చే సన్నటి గొట్టం పెట్టి, టార్చి లైటు వేసుకుని గ్రిల్ సందులోంచి లాక్ మీద కొట్టు. కొట్టగానే మళ్లీ లివర్ పట్టుకోకు, 20 నిమిషాలు టీ తాగి రా. ఊళ్లో కిరసనాయిల్ పోసి నట్టును నానబెట్టేవాళ్లం కదా, అలాగే నాననివ్వాలి. వంటనూనె మాత్రం పోయకు. ఒకాయన పోశాడు, అందుకే చెప్తున్నా. చలికి అది చిక్కబడి, దుమ్ము పట్టి జిగురులా తయారైంది.

నీకు అవసరం లేదు గానీ, ఇలాగే ఇరుక్కుని ఇది చదివే మిగతావాళ్ల కోసం: లివర్ బిగువే లేకుండా వదులుగా ఊగుతుంటే వైరు తెగిందనో, కొస ఊడిందనో అర్థం. లివర్ వెనకాల ఉన్న ప్లాస్టిక్ కవర్ తీసి చూడండి. చాలాసార్లు తీగ బాగానే ఉంటుంది, విరిగింది లివరే. ఆ తీగ కొసను గ్రిప్ ప్లయర్‌తో పట్టుకుని లాగితే బానెట్ లేస్తుంది. లివర్ అసలు కదలకుండా రాయిలా ఉంటే తీగ తొడుగులోనే తుప్పు పట్టి ఉంటుంది. దానితో బలప్రయోగం వద్దు.

యూట్యూబ్‌లో కింది నుంచి పొడుగాటి స్క్రూడ్రైవర్ పెట్టి తీసే వీడియోలు చాలా ఉన్నాయి. తీయొచ్చు, నేనూ ఒకసారి తీశాను. కానీ గ్రిల్ వెనకాలే ఏసీ కండెన్సర్, దాని వెనక రేడియేటర్ ఉంటాయి. చేయి జారి ఒక గొట్టానికి చిల్లు పడితే నీ సెమిస్టర్ పుస్తకాల డబ్బు పోయినట్టే. ఇంజన్ ఆపాక కూడా కొన్ని కార్లలో ఫ్యాను దానంతటదే తిరుగుతుంది, వేళ్లు జాగ్రత్త. ఒట్టి జాకీ మీద లేపిన కారు కిందికి మాత్రం దూరకు. ఎంత తొందర ఉన్నా సరే.

ఏదీ కుదరకపోతే మామూలు మెకానిక్ కంటే బాడీ షాపుకు తీసుకెళ్లు. యాక్సిడెంట్ కార్ల నలిగిన బానెట్లు తీసేది వాళ్లే, ఆ పనిలో చేయి తిరిగింది వాళ్లకే. ఎంతవుతుందో ముందే రాయించుకో.

వనపర్తి అక్క, మినియాపొలిస్

తమ్ముడూ, నువ్వు ప్రయత్నించింది పొద్దున్నేనా? అయితే తుప్పుతో పాటు మంచు కూడా గడ్డకట్టి ఉండొచ్చు. మాకు ఏటా జనవరిలో ఇదే బాధ. లాక్‌లోకి నీళ్లు దిగి రాత్రికి రాయి అవుతాయి. ఇంజన్ ఓ 20 నిమిషాలు ఆన్‌లో ఉంచితే లోపలి వేడికి కొంచెం వదులవుతుంది. కానీ బయట, ఆరుబయట పెట్టి చేయి. గ్యారేజీ తలుపు మూసి ఇంజన్ ఆన్ చేస్తే కార్బన్ మోనాక్సైడ్ నిండుతుంది, దానికి వాసన ఉండదు, మనిషి నిద్రలోకి జారినట్టే పోతాడు. తలుపు తెరిచి ఉన్నా గ్యారేజీలో వద్దు.

ఇంకొకటి, కెటిల్‌లో నీళ్లు మరిగించి పోద్దామని అస్సలు అనుకోకు. చల్లటి అద్దం మీద చిందితే పగులుతుంది. పైగా ఆ నీళ్లే అరగంటలో మళ్లీ గడ్డకట్టి ఇంకా బిగుసుకుంటుంది. దగ్గర్లో ఏదైనా బేస్‌మెంట్ పార్కింగ్ ఉంటే రెండు గంటలు అక్కడ పెట్టి, అప్పుడు మిర్యాలగూడ అన్న చెప్పినట్టు నొక్కి చూడు.

అసలు వైపర్ ట్యాంకులో ఏం పోశావు నువ్వు?

నకిరేకల్ తమ్ముడు

నీళ్లే పోశానక్కా. ఆగస్టులో. కుళాయి నీళ్లు.

వనపర్తి అక్క

అనుకున్నా. ట్యాంకులో అయిపోలేదు నాన్నా, గడ్డకట్టింది! అది కరిగేదాకా వైపర్ నీళ్ల బటన్ నొక్కకు, మోటారు కాలిపోతుంది. షాపులో సున్నాకు కింద 20 ఫారెన్‌హీట్ దాకా పనిచేస్తుందని రాసి ఉండే, వైపర్ ట్యాంకులో పోసే ద్రవం డబ్బా తీసుకో. మన లెక్కలో మైనస్ 29 సెల్సియస్. ఎండాకాలానిది వేరే ఉంటుంది, చూడ్డానికి రెండూ నీలంగానే ఉంటాయి, లేబుల్ చదివి కొను.

నకిరేకల్ తమ్ముడు, రెండు రోజుల తర్వాత

అన్నా, లేచింది! స్ప్రే కొట్టి, నానబెట్టి, యూనివర్సిటీ పార్కింగ్ కట్టడంలో కింది అంతస్తులో పెట్టి నొక్కాం. ఏడో సారికి ఠప్పుమని లేచింది. మావాడు లోపల లివర్ పట్టుకుని "గుంజనా? గుంజనా?" అని ఒకటే గోల, గుంజనివ్వలేదు. లాక్ చూస్తే ఎర్రటి తుప్పు, దాని మీద ఎండిపోయిన నల్లటి గ్రీజు. అక్క చెప్పిన డబ్బా కొన్నాను. ఇప్పుడు మూసేసి గురువారం కొలంబస్ పోవచ్చా?

మిర్యాలగూడ అన్న

శెభాష్. కానీ మూయకు! మూశావంటే మళ్లీ మొదటికొస్తాం.

బానెట్ పైకి లేపి, స్టాండు పెట్టి, లాక్‌ను పాత టూత్‌బ్రష్‌తో, డీగ్రీజర్‌తో తుప్పూ జిడ్డూ పోయేదాకా రుద్ది తుడువు. తర్వాత బానెట్ లేపే ఉంచి, స్క్రూడ్రైవర్‌తో కొక్కేన్ని కిందికి నొక్కు. బానెట్ మూసినప్పటిలాగే అది లాక్ పడుతుంది. ఇప్పుడు లోపలికెళ్లి లివర్ లాగు, వదలాలి. ఇలా పదిసార్లు చేయి. పదికి పది వదిలితేనే బానెట్ దించు. ఒక్కసారి మొరాయించినా మళ్లీ శుభ్రం చేయాలి, లేదంటే లాక్ మార్చాలి. స్క్రూడ్రైవర్‌తో పడిన లాక్‌ను స్క్రూడ్రైవర్‌తోనే తీయొచ్చు, బానెట్ మూశాక పడిన లాక్‌ను తీయాలంటే మళ్లీ నాకు రాయాలి.

బాగా కదులుతోందనుకున్నాక వైట్ లిథియం గ్రీజు పట్టించు. డబ్ల్యూడీ-40 తుప్పు వదిలించడానికే, అది కొన్నాళ్లకు ఆరిపోతుంది. ఉప్పు కాలంలో గ్రీజే నిలబడుతుంది. రెండో కొక్కేనికి కూడా పట్టించు, దాన్ని చాలామంది మర్చిపోతారు.

ఆ రెండో కొక్కెం ఊరికే పెట్టింది కాదు. ముందు నుంచి తెరుచుకుని డ్రైవర్ చూపుకు అడ్డొచ్చే హుడ్‌కు అది ఉండి తీరాలని ఇక్కడి ఫెడరల్ భద్రతా ప్రమాణం నంబరు 113 చెబుతుంది. మొదటిది సరిగ్గా పడకపోయినా రెండోది ఆపుతుంది. ఆపుతుంది కదా అని దాన్ని నమ్ముకుని ఫ్రీవే ఎక్కకు. గాలి కింద దూరితే బానెట్ లేచి అద్దానికి కొట్టుకుంటుంది. ఎప్పుడైనా అలా లేస్తే గట్టిగా బ్రేకు తొక్కకు. హజార్డ్ లైట్లు వేసి, యాక్సిలరేటర్ వదిలి, బానెట్‌కూ డ్యాష్‌బోర్డుకూ మధ్య సందులోంచి గానీ, పక్క కిటికీలోంచి గానీ చూస్తూ మెల్లగా రోడ్డు పక్కన ఆపుకునే షోల్డర్ మీదికి తీసుకో.

వైరు కూడా చూసుకో. తొడుగు చిట్లి తీగ పోగులు లేస్తుంటే ఎండాకాలంలోపు మార్చెయ్. మార్చేటప్పుడు పాత వైరు కొసకు సన్నటి తాడు కట్టి అప్పుడు లాగు. తాడు అదే దారిలో వస్తుంది, కొత్త వైరును దానికి కట్టి వెనక్కి లాగేయొచ్చు. మా ఊరి షెడ్డులో పాత స్కూటర్లకు యాక్సిలరేటర్ వైరు ఇలాగే మార్చేవాడు మా మేస్త్రి. తాడు కట్టడం మర్చిపోయిన కుర్రాడు ఆ రోజు టీ తేవడానికి వెళ్లేవాడు కాదు, సాయంత్రం దాకా ఆ స్కూటర్ ముందే కూర్చునేవాడు.

విండ్‌షీల్డ్ కింద ఎడమ మూల అక్షరాలు, అంకెలు కలిపి 17 ఉండే విన్ నంబర్, అంటే కారు గుర్తింపు సంఖ్య, ఉంటుంది. దాన్ని ప్రభుత్వ రీకాల్ సైట్‌లో కొట్టి చూడు. రీకాల్ అంటే లోపమున్న కార్లను కంపెనీ వెనక్కి పిలిచి బాగుచేయడం. పెండింగ్ రీకాల్ ఏదైనా ఉంటే డీలర్‌ను అడుగు, పాత కారు కాబట్టి ఉచితంగా చేస్తారో లేదో ముందే తెలుసుకో.

జడ్చర్ల అన్న

సరే, నేనే ఓడిపోయా. మా జీపు లివర్ కూడా చివరికి విరిగింది, అది రాయడం మర్చిపోయా. ఇంటర్వ్యూ బాగా చేయి తమ్మీ. స్టెప్నీలో గాలి ఉందో లేదో చూసుకున్నావా? మెకానిక్ దగ్గర స్టెప్నీ అనకు, స్పేర్ టైర్ అను.

నకిరేకల్ తమ్ముడు

పదికి పది వదిలింది అన్నా. మూసి, మళ్లీ తెరిచి, మళ్లీ మూశాను. స్టెప్నీలో గాలి లేదు. ఇప్పుడే పంపు దగ్గరికి పోతున్నాం.