పిల్లలతో పొలం దగ్గర ఒకటి రెండు రోజులు: ఒడిశాలో కోరాపుట్, గజపతి వైపు ఎక్కడ బాగుంటుంది?

రాయగడ కోడలు:
చుట్టూ కొండలూ పొలాలూ ఉన్న ఊళ్లో ఉంటున్నా మా పిల్లలకు వ్యవసాయం అంటే రైలు కిటికీలోంచి కనబడే పచ్చదనమే. మొన్న మా చిన్నవాడు వరి కంకి చూసి గడ్డి అన్నాడు. వాళ్ల తాతగారు ఆ పూట అన్నం సరిగ్గా తినలేదు! డిసెంబరు సెలవుల్లో నిజంగా పని జరుగుతున్న చోటికి తీసుకెళ్లాలని ఉంది. ఈతకొలను, పచ్చిక బయలు, ఫొటోల కోసం కట్టేసిన ఆవు ఉండే చోట్లు వద్దు. అత్తగారికి మోకాళ్ల నొప్పులు. ఎవరైనా వెళ్లివచ్చారా?

జయపురం మాస్టారు:
డిసెంబరు అంటే ఇంకో ఆలోచన అక్కర్లేదమ్మా, కోరాపుట్ కాఫీ తోటలే. నవంబరు నుంచి జనవరి దాకా పళ్లు కోస్తారు. సిల్వర్ ఓక్ చెట్ల నీడలో కాఫీ, ఆ చెట్లకే పాకిన మిరియాల తీగలు. ఎర్రగా పండినవే కోయాలి, పచ్చికాయ కలిస్తే రుచి చెడుతుంది. అందుకే ఒకే చెట్టు దగ్గరికి కూలీలు మళ్లీ మళ్లీ వస్తారు. కోసిన రోజే మరలో వేసి తొక్క తీస్తారు, గింజకు పట్టిన జిగురు వదిలేదాకా నానబెట్టి, కడిగి, ఎండబోస్తారు. పండు నోట్లో వేసుకుంటే తియ్యగా ఉంటుంది. మా మనవరాలు గింజలు వాసన చూసి "ఇది కాఫీ కాదు, మోసం" అని తేల్చేసింది. వేయిస్తే గాని ఆ వాసన రాదని చెప్పినా నమ్మలేదు.
రాయగడ నుంచి కోరాపుట్‌కు రైలు ఉంది. ఊరు దాదాపు 870 మీటర్ల ఎత్తున ఉంటుంది కాబట్టి రాత్రి చలి గట్టిగానే వేస్తుంది.

బరంపురం వాసి:
చంద్రగిరి పేరు ఎవరూ ఎత్తలేదేం? గజపతి జిల్లాలో టిబెటన్లు 1963 నుంచి స్థిరపడిన చోటు. మొక్కజొన్న చేలు, పెద్ద బౌద్ధ మఠం, చల్లటి గాలి. పిల్లలకు రెండూ కలిసివస్తాయి.

పర్లాకిమిడి రైతుబిడ్డ:
బరంపురం అన్నగారూ, మఠం వరకు సరే. డిసెంబరుకు మొక్కజొన్న కోత ఎప్పుడో అయిపోయి ఉంటుంది. పైగా చలికాలంలో అక్కడివాళ్లు చాలామంది స్వెటర్లు అమ్ముకోవడానికి పట్టణాలకు వెళతారు. ఆమె అడిగింది పని జరిగే చోటు. చంద్రగిరికి వానాకాలంలో వెళ్లమనండి.
ఇంకో మాట. కాఫీ కోసేవారికి చాలా చోట్ల కోసిన బరువును బట్టి కూలి ఇస్తారు. మన పిల్లలు సరదాగా వాళ్ల వరుసలో దూరితే వాళ్ల సంపాదన తగ్గుతుంది. విడిగా ఒక చెట్టు చూపించమని అడగండి. పని ఉన్న రైతుకు అతిథులు భారమే, ఈ సంగతి ఎవరూ చెప్పరు.

సిరొంచ ఆడపడుచు:
మహారాష్ట్ర వైపు నుంచి నేనొక్కదాన్నే ఉన్నట్టున్నాను! మా గడ్చిరోలి జిల్లాలో, ప్రాణహిత గోదావరిలో కలిసే చోట, ఫిబ్రవరి, మార్చిలో మిరప కళ్ళాలు చూడాలి. నేలంతా ఎర్రగా పరిచి ఉంటుంది. అయితే పసిపిల్లలను దగ్గరికి పోనివ్వకండి. ఘాటుకు తుమ్ములు ఆగవు, కాయ ముట్టిన చేత్తో కళ్లు నులుముకున్నారంటే ఇక ఆ రోజు అయిపోయినట్టే. నది అవతలే కాళేశ్వరం కాబట్టి పెద్దవాళ్లకు దర్శనం కూడా అవుతుంది.
వ్యవసాయ విడిది అని బోర్డు పెట్టిన ఒక చోటికి మేమూ వెళ్లాం. పేరు చెప్పను. దున్నేది ట్రాక్టరు, ఎడ్లబండి అతిథులను ఎక్కించుకోవడానికే, దానికి విడిగా డబ్బు. కోడిగుడ్లు కూడా పట్నం నుంచి అట్టలతో వచ్చాయి.

రాయగడ కోడలు:
కోడిగుడ్ల సంగతి చదివి మావారు నవ్వు ఆపలేదు. కాఫీకే నిశ్చయించుకున్నాం. తోటలు ఏటవాలుగా ఉంటాయి కదా మాస్టారూ, అత్తయ్యగారు ఏం చేయాలి?

జయపురం మాస్టారు:
గింజలు ఎండబోసే కళ్ళం చదునుగా ఉంటుంది. అక్కడ కుర్చీ వేయించండి. ఏరేవాళ్లతో కబుర్లు మొదలుపెడితే ఆవిడే సాయంత్రం దాకా లేవరు. బస ఖాయం చేసుకునే ముందు కుర్చీ మరుగుదొడ్డి ఉందో లేదో తప్పక అడగండి. ఇది మలేరియా ఉన్న ప్రాంతం, దోమతెర మీదే తెచ్చుకోండి. శుక్రవారం కలిసివస్తే కుందులి సంత చూపించండి. కొండ ఊళ్లవాళ్లు అల్లం, చిక్కుళ్లు, రాగులు స్వయంగా తెచ్చి అమ్ముతారు. ఈ ప్రాంతపు సంప్రదాయ వ్యవసాయాన్ని ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2012లో ప్రపంచ వారసత్వ వ్యవస్థగా గుర్తించింది. ఎందుకో ఆ సంతలో గింజలు చూస్తే పిల్లలకు నేను పాఠం చెప్పినదానికన్నా బాగా తెలుస్తుంది. కాలాజీరా బియ్యం దొరికితే మీ మామగారికి తీసుకెళ్లండి. నల్లటి వడ్లు, జీలకర్రంత చిన్న గింజ, మంచి సువాసన. చిన్నవాడి చేతే ఇప్పించండి, అన్నం విషయంలో రాజీ కుదరవచ్చు.

పర్లాకిమిడి రైతుబిడ్డ:
సంతలో బేరం మాత్రం ఆడకండి. తోటవాళ్లకు ముందే ఫోను చేసి కోత ఏ రోజు ఉందో కనుక్కోండి, రోజూ ఉండదు.