బోల్టు తెగిందా, విరిగిందా?

మొన్న గ్రూపులో ఒకరు "బోల్టు తెగిపోయింది అనొచ్చా, తెగేది తాడు కదా, బోల్టయితే విరుగుతుంది కదా" అని అడిగారు, ఇద్దరు ముగ్గురు విరిగిందే కరెక్టు అని తేల్చేసి వెళ్లిపోయారు. అది అంత తేలిగ్గా వదిలే సంగతి కాదండీ. నేను బెంగళూరులో పాత స్పోర్ట్స్ కార్ల ఇంజన్లు విప్పి మళ్లీ కట్టే షెడ్డులో పనిచేస్తాను, మా దగ్గర బోల్టులు తెగుతాయి, విరుగుతాయి కూడా, రెండింటికీ కారణాలు వేరు, ఆ తర్వాత కొనాల్సిన బోల్టు కూడా వేరే, అందుకే రెండు మాటలూ కావాలంటాను.

ముందు మనం ఏది దేనికి వాడతామో చూడండి. తాడు తెగుతుంది, దండ తెగుతుంది, చెరువుకట్ట తెగుతుంది. కొమ్మ విరుగుతుంది, ఎముక విరుగుతుంది, కుండ పగులుతుంది, కర్ర నిలువునా చీలుతుంది, మర (బోల్టు చుట్టూ ఉండే మెలికల గాట్లు) అరుగుతుంది, నట్టు ఊడుతుంది. ఎవరూ కూర్చోబెట్టి నేర్పకపోయినా ఐదేళ్ల పిల్లాడు కూడా ఇవి తారుమారు చేయడు. తాడులా తెగేదానిలో ముందు లాగుడు ఉంటుంది, సాగి సాగి ఇక వల్లకాక తెగుతుంది, "తెగేదాకా లాగకు" అన్న మాట పుట్టింది కూడా అందుకే కదా. విరిగేది అలా కాదు, సాగకుండానే ఫటుక్కున పోతుంది.

ఇప్పుడు బోల్టు దగ్గరికి వద్దాం. చాలామంది బోల్టంటే రెండు ముక్కల్ని కలిపి ఉంచే మేకు అనుకుంటారు గానీ బిగించిన బోల్టు నిజానికి కొంచెం సాగి ఉంటుంది, మళ్లీ వెనక్కి రావాలని లాగుతూ ఉంటుంది, ఆ లాగుడే ముక్కల్ని పట్టి ఉంచేది. నులకమంచానికి కాళ్లవైపు తాడు బిగించి కడతామే, అచ్చం అదే. స్కూల్లో మనం చదివిన స్థితిస్థాపకత ఇదే, ఆ అవధి లోపల ఉన్నంతసేపు వదిలేస్తే పాత పొడవుకొస్తుంది, దాటితే సాగిన బోల్టు సాగినట్టే ఉండిపోతుంది, ఇంకా పానా వేసి తిప్పితే నడుం దగ్గర సన్నబడి తెగుతుంది. కాబట్టి ఎక్కువ బిగించి పోగొట్టుకున్న బోల్టుని "తెగింది" అన్న మెకానిక్ తప్పు మాట్లాడలేదు, ఏం జరిగిందో సరిగ్గా చెప్పాడు.

బోల్టు తల మీద 8.8, 10.9, 12.9 అని ఉంటుంది చూడండి, అందులో సాగడం, తెగడం, ఈ రెండు సంగతులే రాసి ఉన్నాయి. 10.9లో 10 అంటే సుమారు 1000 మెగాపాస్కల్ (లాగుడు ఒత్తిడిని కొలిచే యూనిట్) దగ్గర తెగుతుందని, చుక్క తర్వాత 9 అంటే అందులో 90 శాతం దగ్గర, అంటే 900 దగ్గర, తిరిగి రాని సాగుడు మొదలవుతుందని. 12.9 అయితే 1200, 1080. అంటే చుక్కకి ముందుది తెగే లెక్క, వెనకది సాగే లెక్క. తెగు, సాగు అన్న మన క్రియలు రెండూ ఆ చిన్న తల మీద అంకెలై కూర్చున్నాయి, నాకు అది చూసినప్పుడల్లా భలే అనిపిస్తుంది.

మరి విరగడం ఎప్పుడు? ఇక్కడే "గట్టి" అన్న మాట మనల్ని ముంచుతుంది. గట్టి చెక్క, గట్టి మనిషి, గట్టిగా బిగించు, గట్టిగా అరవకు, అన్నిటికీ ఒకటే మాట. ఇక్కడి జేసీ రోడ్డులో స్పేర్ పార్టుల అంగడికి పోయి "బాగా గట్టి హెచ్‌టీ (హై టెన్సైల్, ఎక్కువ లాగుడు తట్టుకునే) బోల్టు ఇవ్వన్నా" అంటే 12.9 అలెన్ బోల్టు (తలలో ఆరు మూలల గుంత ఉండేది) చేతిలో పెడతారు, అడిగినవాడికి పెద్ద నంబరు దొరికిందని సంతోషం. కానీ ఉక్కు గట్టిపడే కొద్దీ పెళుసుతనం వైపు జరుగుతుంది. అంత గట్టి ఉక్కుకి తుప్పు పట్టకూడదని జింకు పూత వేసేటప్పుడు హైడ్రోజన్ లోపలికి దూరుతుంది, పూత అయిన వెంటనే 200 డిగ్రీల చుట్టుపక్కల కొన్ని గంటలు కాల్చి దాన్ని బయటికి పంపాలి, అది సరిగ్గా చేయకపోతే బోల్టు బిగించిన రోజు బాగానే ఉంటుంది, ఆ తర్వాత ఇంజన్ నడవకుండా ఊరికే నిలబడి ఉన్నప్పుడే తల ఊడి కింద పడొచ్చు. సాగిన గుర్తు ఉండదు, నడుం సన్నబడదు. దాన్ని తెగింది అంటే అబద్ధం, అది విరిగింది. మన వాళ్లు కర్రకి చెప్పే "చేవ" అన్న మాట ఈ పనిలో తిరిగి వాడుకోవాలని నా కోరిక. గట్టిదనం వేరు, దెబ్బకి విరగకుండా ఓర్చుకునే చేవ వేరు, గట్టిగా ఉండి చేవ లేనిది పెళుసు.

కామెంట్: అన్నా, థియరీ బాగుంది, నిజం కార్లో ఇలా ఎక్కడ జరిగింది చెప్పండి.

జవాబు: పోర్షె 911 తమ్ముడూ. గాలితో చల్లబడే పాత ఇంజన్లు, ఆరు సిలిండర్లు, ఒక్కోదానికి నాలుగు చొప్పున 24 హెడ్ స్టడ్లు, అంటే సిలిండర్ పైమూతని (హెడ్) కింది కేసుకి బిగించే తల లేని పొడుగు బోల్టులు. అవి పట్టి ఉంచే భాగాలు ఎక్కువగా అల్యూమినియం, మెగ్నీషియంవి; అల్యూమినియం వేడికి ఉక్కు కంటే దాదాపు రెండింతలు పెరుగుతుంది, మెగ్నీషియం ఇంకా ఎక్కువ, స్టడ్డేమో ఉక్కు, ఇంజన్ కాగిన ప్రతిసారీ స్టడ్డు మీద లాగుడు పెరుగుతుంది. 1970ల మెగ్నీషియం క్రాంక్‌కేసుల్లో (ఇంజన్ కింది పెట్టె) స్టడ్డు తెగలేదు, విరగలేదు, కేసులో ఉన్న మరల్నే పీక్కుని బయటికొచ్చింది, దానికి కొత్త మర ఉన్న ఉక్కు ఇన్సర్టులు తిప్పి బిగించి సరిచేస్తారు. తర్వాత పోర్షె వాళ్లు అల్యూమినియంకి దగ్గరగా పెరిగే దిలవార్ అనే మిశ్రలోహంతో స్టడ్లు వేశారు, ఆలోచన మంచిదే, లాగుడు సమస్య తగ్గింది. కానీ ఆ లోహానికి తుప్పుతో సన్న బీటలు పడ్డాయి, ముఖ్యంగా కింది వరసలో ఎగ్జాస్ట్ వైపు, తేమ, ఉప్పు తగిలే చోట. ఏళ్ల తర్వాత వాల్వ్ కవరు విప్పితే నట్టుతో సహా ముక్క రాలి ఉంటుంది. చూడండి ఒకే చోట, ఒకే పనికి, ఒకటి ఊడింది, ఒకటి విరిగింది. రెండిటికీ "స్టడ్డు పోయింది" అని రాసుకుంటే తర్వాత ఇంజన్ కట్టేవాడికి ఏం తెలుస్తుంది?

కామెంట్: మా షెడ్డులో అందరూ "కట్ అయింది" అంటారు సార్, కన్నడం వాళ్లూ అదే, మనవాళ్లూ అదే. హిందూపురం నుంచి వచ్చిన పెద్దాయన ఒక్కడే "ఇరిగిపాయ" అంటాడు.

జవాబు: ఆ పెద్దాయన ఏ ముక్క చూసి అలా అంటాడో గమనించండి, నాకు చెప్పండి. కట్ అయింది అన్న మాట మీద నాకు కోపం లేదు, పదిమంది పది భాషల్లో పనిచేసే చోట అలాంటి మాట ఒకటి కావాలి. కానీ జాబ్ కార్డు మీద మాత్రం తెలుగులో రాసుకునేవాళ్లు రెండు మాటలు విడిగా రాయండి. విరిగిన ముఖం మీద అలలాంటి గీతలు ఉంటే అది మూడో రకం, చిన్న బీటతో మొదలై రోజూ కొంచెం పెరిగి చివరికి పోయింది. దానికి "బీట పారి విరిగింది" అని నేను రాస్తాను.

కామెంట్: కనెక్టింగ్ రాడ్ (పిస్టన్‌ని క్రాంక్‌కి కలిపే కడ్డీ) బోల్టుకి ఏం కొనాలి మరి? నంబరు పెద్దది వద్దంటున్నారు కదా.

జవాబు: వద్దనలేదండీ, నంబరొక్కటే చూడొద్దంటున్నాను. రాడ్ బోల్టు మీద అసలు బరువు పెట్రోలు మండినప్పుడు పడదు, పిస్టన్ పైకెళ్లి ఆగి వెనక్కి తిరిగేటప్పుడు పడుతుంది, అది ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు)ని దాంతోనే గుణిస్తే వచ్చే వర్గం లెక్కన పెరుగుతుంది. 6000 నుంచి 7000కి పోతే వేగం పెరిగింది ఆరో వంతే గానీ బోల్టు మీద లాగుడు 36 శాతం పెరుగుతుంది. 1984 నుంచి 1989 దాకా వచ్చిన 911లో 3.2 కరెరా అనే మోడల్లో రాడ్ బోల్టులు 9 మిల్లీమీటర్లవే, అందుకే తిరిగి కట్టేటప్పుడు చాలామంది ఏఆర్‌పీ అనే అమెరికన్ బోల్టుల కంపెనీవి వేస్తారు. వాళ్ల 2000 రకం చదరపు అంగుళానికి 2,20,000 పౌన్ల దాకా తట్టుకుంటుంది, రోడ్డు మీద తిరిగే బండికి అది చాలా ఎక్కువే. ఎల్19 అని ఇంకోటుంది, 2,60,000, కానీ దానికి తేమంటే పడదు, ఒట్టి చేత్తో ముట్టుకోకూడదు, ఎప్పుడూ నూనె పట్టించి ఉంచాలి, రేసుకి వెళ్లి తరచూ విప్పి చూసే ఇంజన్లకి సరే, ఏడాదిలో పది నెలలు బేస్‌మెంట్‌లో ఉండే బండికి నేను చచ్చినా వేయను. కంపెనీ ఒకసారికే అని చెప్పిన సాగుడు బోల్టులు (అవధి దాటేదాకా సాగదీసి బిగించేవి) మాత్రం మళ్లీ వాడకండి, ఎంత కొత్తగా కనిపించినా సరే.

ఇంకో సంగతి, టార్క్ రెంచి (ఎంత బలంతో తిప్పుతున్నామో చూపే పానా) చెప్పేది తిప్పుడు మాత్రమే, సాగుడు కాదు. మీరు పెట్టిన బలంలో సుమారు పదో వంతే బోల్టుని సాగదీస్తుంది, మిగతాదంతా తల కింద, మరల్లో ఘర్షణకే పోతుంది. కాబట్టి ఇంజన్ ఆయిల్ పూస్తే ఒక లెక్క, బోల్టుతో వచ్చిన గ్రీజు పూస్తే ఇంకో లెక్క. రాడ్ బోల్టుకి రెండు కొసలూ అందుతాయి గనక గేజి పెట్టి బిగించకముందు పొడవు, బిగించాక పొడవు కొలవండి, తేడా ఎంతుండాలో బోల్టు కంపెనీవాళ్లు చెప్తారు. విప్పినప్పుడు మళ్లీ కొలవండి, మొదటి పొడవుకి రాకపోతే పక్కన పడేయండి.

కామెంట్: అలా తిరిగి రాకుండా సాగిపోయిన బోల్టుకి తెలుగులో మాట ఉందా?

జవాబు: మావాళ్లు "బోల్టు నీరసించింది" అంటారు. మీ ఊళ్లో ఏమంటారో రాయండి, విజయవాడ ఆటోనగర్ వైపు వాళ్లెవరైనా ఉంటే ముఖ్యంగా.